తల్లి చారల్లో పిల్ల చారలు: ఒక జీబ్రా చిత్రం నలుపు తెలుపుల్లోకి మారిన క్రమం

చీమకుర్తిలో గ్రానైట్ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి గత ఆగస్టులో కుటుంబంతో కెన్యా వెళ్లి, మసాయి మారాలో 5 రోజులు తిరిగి, 2,300 పైచిలుకు ఫొటోలతో వచ్చారు. ఒంగోలులోని మా స్టూడియోలో హార్డ్‌డిస్కును బల్ల మీద పెట్టి ఆయన అడిగిన పని చెప్పడానికి చిన్నదే. కొత్త ఆఫీసు హాల్లోకి 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉన్న జీబ్రా చిత్రం ఒకటి, నలుపు తెలుపుల్లో కావాలి. ఆ ఒక్క చిత్రానికి నాకు 6 వారాలు పట్టింది. రెండు టెస్ట్ ప్రింట్లు పనికిరాకుండా పోయాయి, మూడోది గోడ ఎక్కింది. ముందు రెండూ ఎందుకు చెడిపోయాయో, మూడోది ఎలా కుదిరిందో ఇక్కడ రాస్తున్నాను. జంతువే నలుపు తెలుపు అయినప్పుడు దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చడంలో కష్టమేముంటుందని మొదట నేనూ అనుకున్నాను. మొదటి ప్రింటును చెడగొట్టింది ఆ ఆలోచనే.

ఫొటోలు ఏరడానికే రెండు సాయంత్రాలు గడిచాయి. మసాయి మారా భూమధ్యరేఖకు కొద్దిగా దక్షిణాన ఉంటుంది కనుక ఉదయం 9 దాటితే సూర్యుడు బాగా పైకి వచ్చేస్తాడు. ఆ వెలుగులో తీసిన జీబ్రాల వీపు తెల్లగా మండిపోయి, పొట్ట కింద నీడ నల్లగా గడ్డకట్టి ఉంటుంది. అలాంటివన్నీ పక్కన పెట్టగా మిగిలిన కొద్దిపాటిలో ఒక ఫొటో దగ్గర మేమిద్దరం ఆగిపోయాం. ఉదయం 7 గంటల ప్రాంతంలో, ఎండుగడ్డిలో, ఒక తల్లి జీబ్రా ఎడమవైపు చూస్తూ పక్కవాటుగా నిలబడి ఉంది. దాని డొక్కకు ఆనుకుని, నెల వయసు కూడా ఉన్నట్టు కనిపించని పిల్ల ఒకటి ముందు నిలబడి ఉంది. వెలుగు వెనక నుంచి, కాస్త కుడి పక్కగా వస్తోంది. గిట్టల దగ్గర లేచిన దుమ్ము ఆ వెలుగులో పల్చటి తెరలాగా నిలిచి ఉంది.

కెమెరా కానన్ ఈఓఎస్ ఆర్6, లెన్స్ ఆర్ఎఫ్ 100-500, తీసింది 500 మిల్లీమీటర్ల దగ్గర. షట్టర్ సెకనులో 1,250వ వంతు, అపెర్చర్ ఎఫ్/7.1, ఐఎస్ఓ 1600. అదృష్టవశాత్తు ఆయన, కెమెరా పట్టిన వివరమంతా తగ్గించకుండా దాచే రా ఫార్మాట్‌లోనే తీశారు. జేపెగ్ అయి ఉంటే ఈ పని ఇంత దూరం వచ్చేది కాదు. దాని కారణం ముందు ముందు తెలుస్తుంది.

మొదటి ప్రింటు

మొదటిసారి నేను చేసినది చాలామంది చేసేదే. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేరు అయిన లైట్‌రూమ్‌లో చిత్రాన్ని మోనోక్రోమ్‌లోకి మార్చి, కాంట్రాస్ట్ పెంచి, వైట్స్ పైకి, బ్లాక్స్ కిందికి లాగి, అంచుల్ని పదునుగా చూపే క్లారిటీని 40 దాకా తీసుకెళ్లాను. మానిటర్ మీద చూస్తే కళ్లు చెదిరేటట్టుగా ఉంది. 12 బై 18 అంగుళాల్లో మ్యాట్ కాగితం మీద టెస్ట్ ప్రింటు తెప్పించి గోడకు పెట్టి, నాలుగడుగుల దూరం నుంచి చూసినప్పుడు అసలు విషయం బయటపడింది. అందులో జీబ్రా లేదు, చారలే ఉన్నాయి. తల్లి డొక్క మీద చారలు, పిల్ల ఒంటి మీద చారలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, ఎక్కడ తల్లి ఆగి ఎక్కడ పిల్ల మొదలవుతుందో తెలియడం లేదు. నాలుగు కాళ్లున్న జంతువుకు ఎనిమిది కాళ్లున్నట్టు కనిపిస్తోంది. కన్ను నల్లచారలో మునిగిపోయింది. దుమ్ము మాయమైంది. మా దగ్గర పనిచేసే కుర్రాడు చూసి, "అన్నా, రోడ్డు మీద గీసే జీబ్రా క్రాసింగ్ మాదిరి ఉంది" అన్నాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం.

ఇక్కడ ఒంగోలు గిత్త గురించి చెప్పాలి. ఈ జిల్లాలో కెమెరా పట్టినవాళ్లు సంక్రాంతికో శివరాత్రికో తిరునాళ్లకో బండలాగుడు పోటీలకు వెళ్లకుండా ఉండరు. నేను మా నాన్న వెంట చిన్నప్పటి నుంచీ వెళ్లాను. ఒంగోలు గిత్తను చూసినవాళ్లు తెల్లని ఎద్దు అంటారు గానీ, దాన్ని కాగితం మీద అచ్చు వేయవలసి వచ్చినవాడు ఆ మాట అనడు. మూపురం మీద, మెడ మీద బూడిదరంగు, గంగడోలు మడతల్లో నీడ, వీపు మీద ఎండ, కాళ్ల మీద దుమ్ము. ఆ తెలుపు కింద చర్మం నల్లగా ఉంటుంది కనుక వెంట్రుక పల్చబడిన చోట, మూతి దగ్గర, కంటి రెప్పల దగ్గర నలుపు బయటికి వస్తుంది. ఈ గిత్తల సంతతినే బ్రెజిల్‌లో నెల్లూరు పేరు మీద 'నెలోర్' అని పిలుస్తారు. ఆ గిత్తలు బ్రెజిల్‌కు వెళ్లడం మొదలైన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం, ఇప్పటి ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో.

మా నాన్న డార్క్‌రూమ్‌లో ఊటీ నుంచి వచ్చే 'ఇందు' బ్రోమైడ్ పేపరు వాడేవారు. పేపరులో సాఫ్ట్, హార్డ్ అని గ్రేడ్లు ఉండేవి, సాఫ్ట్‌లో కాంట్రాస్ట్ తక్కువ, హార్డ్‌లో ఎక్కువ. మబ్బు పట్టిన రోజు తీసిన చప్పటి నెగటివ్‌కు హార్డ్ పేపరు వేసేవారు. ఎండలో నిలబడ్డ గిత్తకు మాత్రం ఎప్పుడూ సాఫ్ట్ పేపరే. "అచ్చులో పేపరు కనపడకూడదురా, ఎద్దు వెంట్రుక కనపడాల" అనేవారు. వీపు మీద వెలుగు పడిన చోట పేపరు తెల్లగా మిగిలిపోతే ఆ ప్రింటును చించి మళ్లీ వేసేవారు. జీబ్రాకూ అదే వర్తిస్తుందని నాకు మొదటి ప్రింటు చెడిపోయాక గానీ తట్టలేదు. కావలసినంత కాంట్రాస్టును ఒంటి మీద మోసుకొచ్చిన జంతువు అది. దానికి నేను మళ్లీ కాంట్రాస్ట్ కలిపితే మధ్యలో ఉన్న బూడిదరంగులన్నీ రెండు వైపులకూ నెట్టబడి చచ్చిపోతాయి. జంతువు గుండ్రదనం, బరువు, వయసు, దుమ్ము, చలి అన్నీ ఆ బూడిదరంగుల్లోనే ఉన్నాయి.

రంగులో దొరికిన విడదీత

రెండోసారి చేసిన మొదటి పని చిత్రాన్ని తిరిగి రంగుల్లోకి తెచ్చి, ఒక పూట అంతా ఏమీ చేయకుండా చూడడం. 200 శాతం పెద్దది చేసి చూస్తే జీబ్రా ఒంటి మీద తెలుపు ఎక్కడా తెలుపు కాదు. వీపు మీద లేత పసుపు, డొక్క కింద గడ్డి నుంచి తిరిగి వచ్చిన వెలుగు వల్ల ఇంకాస్త ముదురు మీగడరంగు, తొడ మీద ఎర్రమట్టి. నల్లచారలు కూడా భుజం దగ్గర నల్లగా ఉండి, ముఖం మీదికి వచ్చేసరికి కాఫీ గింజ రంగుకు తిరిగాయి. అన్నింటికన్నా ముఖ్యమైనది పిల్ల. జీబ్రా పిల్లలు పుట్టినప్పుడు చారలు నల్లగా ఉండవు, గోధుమరంగులో, ఉన్నిలాంటి బొచ్చుతో ఉంటాయి. పెరిగేకొద్దీ అవి నల్లబడతాయి. తల్లి చార నలుపు, పిల్ల చార గోధుమరంగు. రంగులో ఇంత తేడా ఉన్న రెండింటినీ నేను కాంట్రాస్ట్ పెంచి ఒకే నలుపులోకి తోసేశాను.

లైట్‌రూమ్‌లో నలుపు తెలుపుల్లోకి మార్చేటప్పుడు ఎరుపు మొదలు మెజెంటా దాకా 8 రంగులకు విడివిడిగా స్లైడర్లు ఉంటాయి. ఏ రంగు ఎంత లేత బూడిదగా మారాలో, ఎంత ముదురుగా మారాలో అక్కడ నిర్ణయించవచ్చు. నలుపులో రంగు దాదాపు ఉండదు కనుక ఆరెంజ్ స్లైడరును ఎంత జరిపినా తల్లి చార కదలదు. పిల్ల చారలో ఉన్నది ఆరెంజే కనుక అది కదులుతుంది. ఆరెంజ్‌ను 32 దాకా పెంచేసరికి పిల్ల చారలు నడిమి బూడిదరంగులోకి తేలి వచ్చాయి, తల్లి నల్లచారల ముందు పిల్ల ఆకారం విడిపోయి నిలబడింది. ఆ క్షణం నాకు ట్రేలో డెవలపర్ కింద బొమ్మ తేలి రావడం గుర్తొచ్చింది.

అయితే దీనికి ఒక చిక్కు ఉంది. ఎండుగడ్డి కూడా పసుపు, ఆరెంజ్ రంగుల కుటుంబమే. తల్లి ఒంటి మీది దుమ్మూ అంతే. పిల్ల కోసం ఆరెంజ్ పెంచితే గడ్డి అంతా తెల్లబడి, జంతువులు మంచులో నిలబడ్డట్టు కనిపించాయి. యెల్లోను 18 తగ్గిస్తే గడ్డి కొంత దిగింది గానీ తల్లి వీపు మురికి పట్టినట్టు అయింది. అందుకని మొత్తం చిత్రానికి ఒకే మార్పు చేయడం మానేసి, ఫొటోషాప్‌లో అసలు చిత్రం చెడకుండా దాని మీద పరిచే రెండు వేరు వేరు బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ లేయర్లు పెట్టాను. ఒకటి పిల్లకు మాత్రమే, రెండోది మిగిలిన అంతటికీ. ఏ మార్పు ఎంతవరకు పనిచేయాలో హద్దు వేసే మాస్కును పిల్ల చుట్టూ చేత్తోనే గీశాను. తనంతట తానుగా జంతువును ఎంపిక చేసే సాధనం రెండు జీబ్రాలనూ కలిపి ఒకే ఆకారంగా పట్టుకుంది, దాన్ని తప్పుపట్టలేం. పిల్ల బొచ్చు అంచు దగ్గర మాస్కును 2, 3 పిక్సెళ్ల మేర మెత్తబరచాను. కత్తిరించినట్టు గీస్తే ఉన్ని బొచ్చు కాస్తా ప్లాస్టిక్ అయిపోతుంది.

కింద ఉన్న లేయరులో రంగు చివరి దాకా అలాగే ఉంచాను. ముందే గ్రేస్కేల్‌లోకి మార్చి ఫైలును దాచుకునేవాళ్లకు నేను ఇచ్చే సలహా ఇదొక్కటే. రంగు పారేస్తే విడదీసే దారి కూడా దాంతోపాటే పోతుంది. వైట్ బ్యాలెన్సును కొంచెం కదిపినా బూడిదరంగులు మారతాయి కనుక దాన్ని మొదట్లోనే 5,200 కెల్విన్ దగ్గర స్థిరపరచి మళ్లీ ముట్టుకోలేదు. ఉదయపు ఎండ వల్ల వీపు మీద ఎరుపు చానల్ అంచు దాకా వెళ్లి ఉంది. రా ఫైలు కావడం వల్ల ఎక్స్‌పోజర్ 0.6 స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగం అవుతుంది) తగ్గించగానే అక్కడ వెంట్రుకలు తిరిగి వచ్చాయి.

చారల అంచుల్లో ఉండే ఇంకొక ప్రమాదం గురించి ఎక్కువమంది మాట్లాడరు. నలుపు, తెలుపు కలిసే చోట లెన్స్ వల్ల ఊదారంగో ఆకుపచ్చో సన్నటి అంచు ఏర్పడుతుంది. రంగు చిత్రంలో దాన్ని గమనించి తీసేస్తాం. నలుపు తెలుపుల్లో రంగు కనిపించదు కనుక అది లేదనుకుంటాం. కానీ అది బూడిదరంగు గీతగా మారి, ప్రతి చారకూ పెన్సిల్‌తో గీసినట్టు ఒక హద్దు వేస్తుంది. జీబ్రా ఒంటి మీద అంచులు తప్ప మరేమీ లేవు కదా! అందుకే మార్పుకు ముందే, రంగుల్లోనే, ఆ అంచుల్ని శుభ్రం చేశాను. క్లారిటీని మాత్రం సున్నాకు తెచ్చాను. అది చారల పక్కన తెల్లటి వెలుగుగీత వేస్తుంది, 36 అంగుళాల ప్రింటులో ఆ గీత దూరం నుంచే తెలుస్తుంది.

వెలుగు దిద్దడం

తరువాతి పని మా నాన్న అట్టముక్కను తీగకు కట్టి ఎన్‌లార్జర్ కింద ఊపుతూ చేసినదే, ఇప్పుడు పెన్ టాబ్లెట్ మీద చేస్తున్నాను. 50 శాతం బూడిదరంగు నింపిన లేయరును సాఫ్ట్ లైట్‌లో పెట్టి, బ్రష్ ఫ్లో 3 శాతం దాటకుండా, తల్లి డొక్కను పిల్ల వీపు వెనక ఉన్న భాగం వరకు కొద్ది కొద్దిగా ముదురు చేశాను. పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 100 అనుకుంటే, అక్కడ తెల్లచారలు 84 శాతం నుంచి 74కు దిగాయి. పిల్ల వీపు మీద వెనక నుంచి పడిన వెలుగుగీతను 90 దాకా తేల్చాను. ఇంత చిన్న తేడాతోనే రెండు ఒళ్ల మధ్య గాలి ఆడినట్టు అయింది. తల్లి వీపు మీద అత్యంత తెల్లని చోటు కూడా 94 దాటకుండా చూశాను. నల్లచారలు ఎక్కడా 6 కంటే కిందికి పోలేదు.

కన్ను విషయంలో సగం రోజు గడిచింది. జీబ్రా కన్ను ముదురు చారల మధ్య ఉంటుంది, నల్లగుడ్డు కూడా ముదురే. దాన్ని కనిపించేలా చేయాలని కనుగుడ్డును తెల్లబరిస్తే గాజుకన్ను పెట్టినట్టు అవుతుంది. నేను గుడ్డును అస్సలు తాకలేదు. పైరెప్ప అంచు మీద ఉన్న సన్నటి తడి మెరుపును, కిందిరెప్ప వెంట్రుకల కొసల్ని, కంటిలో ఆకాశం పడిన చుక్కను మాత్రం కొంచెం తేల్చాను. చుట్టూ ఉన్న చార నలుపు 6 నుంచి 9కి లేచింది. దాంతో ఆ నలుపులో ఇంకా నల్లగా ఒక గుండ్రటి వస్తువు ఉందని, అది చూస్తోందని తెలిసింది.

ఫైలు సైజు గురించి క్లుప్తంగా చెబుతాను. ఈ కెమెరా ఇచ్చేది 5,472 బై 3,648 పిక్సెళ్లు. అందులో కత్తిరించగా మిగిలింది 4,900 బై 3,267. 36 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 136 పిక్సెళ్లే వస్తాయి. లైట్‌రూమ్‌లోని సూపర్ రిజల్యూషన్ నిలువునా అడ్డంగా రెట్టింపు చేస్తుంది కనుక 272 అయింది. దీన్ని రా ఫైలు మీద, అన్ని పనులకన్నా ముందే చేయాలి. నేను మధ్యలో గుర్తు తెచ్చుకుని, పిల్ల మాస్కును మొదటి నుంచి మళ్లీ గీశాను.

క్లయింటు అడిగినవి, నేను చేయనివి

తల్లి తొడ మీద పాత గాయం మానిన చోట చారలు తెగి, వంకరగా అతుక్కున్నట్టు ఉన్నాయి. సింహం గోరో మరేదో నాకు తెలియదు కనుక దాని గురించి కథ అల్లను. ఆ మచ్చ తీసేయమని ఆయన అడిగారు. పిల్ల మూతికి అడ్డంగా ఉన్న గడ్డిపోచ కూడా తీయమన్నారు. గడ్డిపోచను కొంచెం ముదురు చేసి కంటికి అడ్డు తగలకుండా చేశాను, మచ్చను మాత్రం ముట్టుకోలేదు. ప్రతి జీబ్రా చారలూ వేరు, మన వేలిముద్రల్లాగే. 2016 జనవరిలో ఉత్తర కెన్యాలో గ్రేవీ అనే జాతి జీబ్రాలను లెక్కించినప్పుడు మామూలు పౌరులు కూడా కెమెరాలతో వెళ్లి ఫొటోలు తీశారు, వాటి కుడి పక్క చారల్ని బట్టే ఒక్కో జంతువును గుర్తించారు. చారను అతికితే మారాలో లేని జీబ్రా ఒకటి ఒంగోలులో పుడుతుంది. ఈ మాట ఆయనకు చెప్పాను. ఆయన కాసేపు చూసి, "ఉండనీయండి, మా రాళ్లలో కూడా చార తెగిన రాయి నాకు ఇష్టం" అన్నారు.

గట్టి పట్టుదల ఇంకొక చోట వచ్చింది. ఇంటీరియర్ పని చేస్తున్న కుర్రాడు ఉత్తరపు గోడను ఈ చిత్రానికి కేటాయించాడు. చిత్రంలో జీబ్రా ఎడమకు చూస్తోంది. ఉత్తరపు గోడ మీద ఎడమ అంటే పడమర. వాస్తు ప్రకారం ముఖం తూర్పుకు ఉండాలని, అద్దంలో చూసినట్టు చిత్రాన్ని తిప్పేయమని ఇద్దరూ పట్టుపట్టారు. తిప్పితే పోయేదేముంది అని వాళ్ల ప్రశ్న. జీబ్రా కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు ఒకటి కావు. తిప్పిన చిత్రంలో కనిపించేది దాని కుడి పక్క కాదు, ఎక్కడా లేని పక్క. నేను తిప్పనని చెప్పి, ఎదురుగా ఉన్న దక్షిణపు గోడ చూపించాను. అక్కడ పెడితే అదే జీబ్రా తూర్పుకు చూస్తుంది. ఉత్తరపు గోడకు వేసిన నల్లరాయే ఆ గోడకూ వేసి ఉంది. ఇద్దరూ ఒప్పుకున్నారు.

రాయి పక్కన నలుపు

రెండో టెస్ట్ ప్రింటు కాగితం మీద బాగానే వచ్చింది. దాన్ని తీసుకుని చీమకుర్తి వెళ్లి గోడకు ఆనించి పెట్టగానే నా గుండె జారింది. ఆ గోడ నిండా వాళ్ల క్వారీలో తీసిన బ్లాక్ గెలాక్సీ, అద్దంలాగా పాలిష్ చేసిన నల్లరాయి, లోపల బంగారు చుక్కలు. ఆ నలుపు పక్కన నా మ్యాట్ కాగితం నలుపు పొయ్యిలో బూడిదలాగా ఉంది. మ్యాట్ కాగితం సిరాను పీల్చుకుంటుంది, పైన మెరుపు ఉండదు, కాబట్టి దాని మీద ఎంత నల్ల సిరా పోసినా ఒక హద్దు దాటి నల్లబడదు. కన్ను ఆ హాల్లో అడుగుపెట్టగానే రాయి నలుపునే నలుపు అనుకుని అలవాటు పడిపోతుంది. ఆ తరువాత చూసే మరే నలుపూ దానికి సరితూగదు.

నలుపుల్ని ఇంకా కిందికి లాగి పంపుదామా అన్న ఆలోచన వచ్చింది. లాగితే మళ్లీ మొదటి ప్రింటే అవుతుంది. యాక్రిలిక్ వెనక అతికిస్తే నలుపు చిక్కబడుతుందని ఇంటీరియర్ కుర్రాడు చెప్పాడు, అది నిజమే. అయితే దక్షిణపు గోడకు సరిగ్గా ఎదురుగా ఉత్తరపు కిటికీ ఉంది. పగలంతా ఆ కిటికీ యాక్రిలిక్‌లో తెల్లటి దీర్ఘచతురస్రంగా పిల్ల ముఖం మీదే పడేది. చివరికి కాగితాన్ని బరైటాకు, అంటే బేరియం సల్ఫేట్ పూత ఉన్న ఫొటో కాగితానికి, మార్చాం. దాని మీద ఫొటో బ్లాక్ సిరా మ్యాట్ కంటే చాలా లోతుగా దిగుతుంది, మెరుపు మాత్రం పల్చగా ఉంటుంది. చుట్టూ 3 అంగుళాల మీగడరంగు మౌంట్ (అట్ట అంచు), దాని బయట సన్నటి నల్ల ఫ్రేము, ముందు ప్రతిబింబం తగ్గించే గాజు పెట్టించాం. ఆ 3 అంగుళాల మౌంట్ చేసిన మేలు కాగితం మార్పు కన్నా పెద్దది. రాయి నలుపు, చార నలుపు పక్కపక్కన లేకపోవడంతో కన్ను వాటిని పోల్చడం మానేసింది. మౌంట్ తెలుపు చిత్రంలోని అత్యంత తెల్లని చోటు కంటే ఒక పిసరు తక్కువగా ఉండేలా చూసుకున్నాను. లేకపోతే వీపు మీది వెలుగు చప్పబడేది.

ప్రింటుకు ముందు ఆ కాగితం ప్రొఫైలుతో సాఫ్ట్ ప్రూఫ్, అంటే అచ్చు ఎలా వస్తుందో తెర మీదే, చూసి, మానిటర్ వెలుతురును 90 క్యాండెలాలకు తగ్గించి, నల్లచారల్ని రెండు శాతం పైకి లేపాను. మధ్యలో ఆయన వాట్సాప్‌లో పంపమంటే ఒకసారి పంపి పొరపాటు చేశాను. చిన్నదైన ఆ బొమ్మలో వెనక దూరంగా ఉన్న జీబ్రాల మంద ఒంటి మీది చారలు, అసలు చిత్రంలో లేని అలల్లాగా మెలికలు తిరిగాయి. ఫోను తెర వెలుతురులో చిత్రమంతా చప్పగా ఉందని, కాంట్రాస్ట్ పెంచమని ఆయన ఫోను చేశారు. అప్పటి నుంచి ఏ క్లయింటుకైనా ప్రూఫ్ చూపించాలంటే కాగితం మీదే చూపిస్తున్నాను.

మూడో ప్రింటును గోడకు బిగించిన రోజు సాయంత్రం 5 దాకా అక్కడే కూర్చున్నాను, ఉత్తరపు వెలుతురు తగ్గి ట్యూబులైట్లు వెలిగే సమయంలో ఎలా ఉంటుందో చూడాలని. హాల్లో ఉన్న లైట్లు బాగా నీలంగా ఉన్నాయి. బూడిదరంగులు చల్లబడి దుమ్ము తెర చచ్చిపోతోంది. ఆ గోడ మీదికి వచ్చే రెండు లైట్లను 4,000 కెల్విన్‌వి మార్పించాం. మార్చాక పిల్ల బొచ్చు వెచ్చగా నిలిచింది, తల్లి పొట్ట కింద నీడలో గడ్డిపోచలు విడివిడిగా కనిపించాయి.

ఒక్కచోట మాత్రం నాకు తృప్తి లేదు. కుడివైపు కింది మూలలో గడ్డి అర స్టాప్ ఎక్కువ వెలుగుతోంది, గుమ్మంలోంచి వచ్చేవాళ్ల చూపు ముందు అక్కడ పడి, తరువాత కంటి దగ్గరికి వెళుతోంది. ఫైలులో ఆ మూలను దించి పెట్టాను. ఆయన ఇంటికి చిన్న ప్రతి ఒకటి కావాలన్నారు, అది ఈ దిద్దిన ఫైలు నుంచే వెళుతుంది.